ఏడాదికి మూడుసార్లు తాళా చూడాలి

రాజాం దగ్గర మా మేనమామకి రైసుమిల్లు ఉంది. గేటు మీద బోర్డులో ఇప్పటికీ శ్రీకాకుళం జిల్లా అనే ఉంటుంది. 2022 ఏప్రిల్లో జిల్లాలు మారినప్పుడు రాజాం విజయనగరం జిల్లాలోకి వచ్చేసింది, బోర్డు మాత్రం అలాగే ఉండిపోయింది. ఊరివాళ్ళకి దానివల్ల ఇబ్బందేమీ లేదు. ఇబ్బంది పడేది మొదటిసారి వచ్చే లారీ డ్రైవరు. ఈ వ్యాసం ఆ డ్రైవరు పక్షాన రాస్తున్నాను, సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ గురించి, అంటే దాన్ని వాడే తీరు చెప్పే పేజీల్ని తాజాగా ఉంచడం గురించి.

మిల్లు పద్దులన్నీ ఒక పాత డాస్ ప్రోగ్రాంలో ఉండేవి. ధాన్యం లోడు వస్తే కాటా బరువు, తేమకి తరుగు, బస్తాల లెక్క, రైతుకి ఇవ్వాల్సిన బాకీ, అన్నీ అందులోనే. ఫాక్స్‌ప్రోలో ఎప్పుడో ఎవరో రాసిచ్చారు. రాసినాయన ఇప్పుడెక్కడున్నాడో తెలీదు, సోర్స్ కోడ్ లేదు. మిగిలినవి ఆ కంప్యూటరూ, ఇరవయ్యేళ్ళుగా దాన్ని నడుపుతున్న గుమస్తా తాతా. ఒక డిసెంబరులో, కోతలు అయ్యి ట్రాక్టర్లు వరస కట్టిన వారంలో, మదర్‌బోర్డు పోయింది.

మావయ్య ఫోన్ చేశాడు. "అల్లుడా, కాలేజీలో నువ్వు పిల్లలకి కంప్యూటర్లో ఇంకో కంప్యూటర్ నడపడం నేర్పుతావట గదా. మన మిల్లుది కూడా అలాగ నడిపీగలవేటి?"

నడపగలనన్నాను. నేను చేసే పని అదే. విజయనగరంలో ల్యాబు చూసుకుంటాను, కంప్యూటర్లో ఇంకో కంప్యూటర్ని నడిపే క్యూఎమూ అనే ఎమ్యులేటర్ మీద పిల్లలకి తెలుగులో ఒక చేతిపుస్తకం రాసి దాన్ని కొన్నేళ్ళుగా సరిచూస్తూ వస్తున్నాను. కానీ ఈ మిల్లు సంగతి జరిగే నాటికి ఆ పుస్తకం లేదు. ఈ సంగతి జరగబట్టే అది పుట్టింది.

పాత డిస్కు ఊడదీసి, కన్వర్టర్ కేబుల్‌తో కొత్త ల్యాప్‌టాప్‌కి తగిలించి, మొదటి బిట్టు నుంచి చివరి బిట్టు దాకా ఒక ఇమేజి ఫైలుగా కాపీ తీశాను. ఇంటర్నెట్‌లో పాత డాస్ డిస్కులు నడిపే పద్ధతి చెప్పే పేజీ ఒకటి దొరికింది. అందులో ఉన్న కమాండు యథాతథంగా తీసుకుని, ఫైలు పేరొక్కటి మార్చాను. సాయంత్రం నాలుగింటికి అదే నీలం తెర, అదే మెనూ లేచాయి. తాత ఎఫ్2 నొక్కాడు, ఎఫ్5 నొక్కాడు, "అదే బాబూ, అదే" అన్నాడు. నేను బస్సెక్కి విజయనగరం వచ్చేశాను.

మర్నాడు తాత పొద్దున్నుంచి రాత్రి దాకా పద్నాలుగు లోడ్ల పద్దులు కట్టాడు. రాత్రి అన్నీ ఆపేసి ల్యాప్‌టాప్ మూశాడు. ఆ తర్వాతి రోజు పొద్దున్నే ఫోను.

"బాబూ, నిన్న కట్టిన పద్దులన్నీ ఏటైపోనాయి? ఒక్కటీ లేదు."

నేను కాపీ కొట్టిన కమాండు చివర 'మైనస్ స్నాప్‌షాట్' అని ఒక మాట ఉంది. స్నాప్‌షాట్ అంటే మనకి తెలిసింది ఫొటో. ఫొటో తీయించుకునేది దాచుకోడానికి. క్యూఎమూలో ఆ ఆప్షన్ పని సరిగ్గా తలకిందులు. గెస్టు, అంటే లోపల నడిచే కంప్యూటరు, డిస్కు మీద రాసేదంతా అసలు ఇమేజిలోకి వెళ్ళదు, ఒక తాత్కాలిక ఫైల్లోకి వెళుతుంది. ఎమ్యులేటర్ మూయగానే ఆ ఫైలు ఉండదు. పలక మీద రాసి తడిగుడ్డతో తుడిచినట్టు. ఆ ఫైలుని వెతికి పట్టుకోవచ్చేమోనని నేను గంటలకొద్దీ చూశాను. లైనక్సులో క్యూఎమూ ఆ ఫైలుని తెరిచిన వెంటనే డైరెక్టరీలోంచి దాని పేరు తీసేస్తుంది. ప్రాసెస్ బతికున్నంతసేపే అందులో రాసింది బతికుంటుంది, అది ఆగితే వెతకడానికి పేరు కూడా మిగలదు. ఇంకా బాధ పెట్టినదేంటంటే, తాత ఆ రాత్రి ల్యాప్‌టాప్ మూయకముందు క్యూఎమూకి ఆదేశాలిచ్చే 'మానిటర్' అనే తెరలోకి వెళ్ళి 'కమిట్ ఆల్' అని రెండు మాటలు కొడితే పద్నాలుగు లోడ్లూ డిస్కులోకి దిగేవి. ఆ సంగతి తాతకి తెలీదు, నాకూ తెలీదు.

కాటా చీట్లు ఉన్నాయి కాబట్టి బతికిపోయాం. తాత రెండు రాత్రులు కూర్చుని మళ్ళీ కట్టాడు. నన్ను ఒక్క మాట అనలేదు.

ఆ పేజీ రాసినాయన మీద నాకు కోపం లేదు. ఆయన దృష్టిలో ఆ ఆప్షన్ పెట్టడం జాగ్రత్తే. పాత డిస్కుని చెడగొట్టకుండా ముందు ఒకసారి నడిపి చూసుకోమని ఆయన ఉద్దేశం. ఆ ఉద్దేశం ఆయన మనసులో ఉంది, కమాండులో ఉంది, పేజీలో లేదు. 'ఇది పరీక్షకే, నిజంగా వాడేటప్పుడు చివరి మాట తీసేయండి' అన్న ఒక్క వాక్యం ఉంటే చాలు. క్యూఎమూ అసలు మాన్యువల్లో ఆ సంగతి స్పష్టంగానే ఉంది. నేను అక్కడిదాకా వెళ్ళలేదు, అందులో సగం తప్పు నాది. మిగతా సగం గురించే నా వాదన.

స్నాప్‌షాట్ అనే మాటకి క్యూఎమూలో మూడు అర్థాలున్నాయి. ఒకటి ఇప్పుడు చెప్పిన పలక. రెండోది 'సేవ్‌వీఎం': నడుస్తున్న యంత్రాన్ని, మెమరీతో సహా, క్యూకౌ2 అనే క్యూఎమూ సొంత ఫార్మాట్ ఇమేజి లోపలే భద్రం చేసేది. ఇదే మనం అనుకునే ఫొటో. మూడోది బయటి స్నాప్‌షాట్: పాత ఇమేజిని అలాగే ఉంచి, దాని మీద ఇంకో ఫైలు పొరలా పరిచి, ఇక నుంచి రాసేదంతా ఆ పొరలో రాసేది. మూడింటికీ ఒకే పేరు. ఒకటి మరిచిపోతుంది, ఒకటి గుర్తుంచుకుంటుంది, ఒకటి పాతదాన్ని కదపకుండా కొత్తది పైన రాస్తుంది. పేరు మార్చే అధికారం మనకి లేదు, ఎన్ని స్క్రిప్టులు దాని మీద ఆధారపడ్డాయో! కాబట్టి ఆ తేడా చెప్పే బరువంతా పేజీ మీదే పడుతుంది.

మామూలు యంత్రానికీ దీనికీ ఉన్న తేడా ఇక్కడే. మిల్లులో హల్లర్ చెడితే మెకానిక్ వచ్చి బెల్టు చూస్తాడు, బేరింగు మీద చెయ్యి పెట్టి వేడి చూస్తాడు. పుస్తకం లేకపోయినా వస్తువు ఎదురుగా ఉంది. క్యూఎమూ లోపలి కంప్యూటరుకి ఒళ్ళు లేదు. డాస్ గెస్టు నడిపేటప్పుడు మామూలుగా మనకి వచ్చే 'పీసీ' అనే యంత్రం 1996 నాటి ఇంటెల్ 440ఎఫ్ఎక్స్ చిప్‌సెట్‌కి వేషం. దాని మూత విప్పి చూడలేం, తీగ లాగి చూడలేం. దాని గురించి రాసిన మాటే దాని ఒళ్ళు. ఆ మాట తప్పయితే లేని గోడని మనిషి తడుముకుంటాడు.

2003లో ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ రెండు విధాలుగా పనిచేస్తుంది. ఒకటి దుబాసీ పద్ధతి. గెస్టు ప్రాసెసరు భాషలో ఉన్న సూచనలని ముక్కలు ముక్కలుగా తీసుకుని, మన ప్రాసెసరు భాషలోకి మార్చి, మార్చినవి గుర్తుపెట్టుకుని నడుపుతుంది. దీన్ని టీసీజీ అంటారు. రెండోది కేవీఎం. 2007లో లైనక్స్ కెర్నెల్ 2.6.20తో వచ్చింది. గెస్టు సూచనలు దుబాసీ లేకుండా నేరుగా మన ప్రాసెసరు మీదే నడుస్తాయి. ఏదీ చెప్పకపోతే క్యూఎమూ మామూలుగా దుబాసీనే పెట్టుకుంటుంది, ఏమీ అనదు, నెమ్మదిగా నడుస్తుంది. మా ల్యాబులో ఒక ఏడాది సగం మంది పిల్లలు 'వర్చువలైజేషన్ అంటే ఇంత నెమ్మదా సార్' అన్నారు. వాళ్ళు చూసిన కమాండులో కేవీఎం లాంటి యాక్సిలరేటర్ మాటే లేదు. ఇప్పుడు మా చేతిపుస్తకంలో ప్రతి కమాండులోనూ కేవీఎం కావాలని బాహాటంగా అడుగుతాం. బయాస్‌లో వీటీ, అంటే ప్రాసెసరులో వర్చువలైజేషన్‌కి ఉన్న సదుపాయం, ఆపి ఉంటే అది ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఆగిపోవడమే మేలు. తప్పు కనపడితే పిల్లాడు లేచి వచ్చి అడుగుతాడు.

డాక్యుమెంటేషన్ అంటే రాయడం అనుకుంటారు. రాయడం చిన్న పని. వారం సెలవు పెడితే ఎవరైనా మంచి పేజీ రాయగలరు. పని ఆ తర్వాత మొదలవుతుంది, ఎప్పటికీ పూర్తవదు. అది లెక్క తాళా చూడడం లాంటిది. పుస్తకంలో ఉన్నదీ గోడౌన్లో ఉన్నదీ ఒకటేనా? కాకపోతే ఏది మారింది, ఎప్పుడు, ఎవరు మార్చారు?

క్యూఎమూ ఏడాదికి మూడు విడుదలలు ఇస్తుంది: ఏప్రిల్, ఆగస్టు, డిసెంబరు. ఏప్రిల్లో వచ్చేదానికి కొత్త పెద్ద అంకె వేస్తారు. 2020 ఏప్రిల్లో 5.0, 2025 ఏప్రిల్లో 10.0. మా వైపు ఆ మూడు నెలలూ గుర్తుపెట్టుకోడానికి కష్టం లేదు. ఒకటి మామిడి, ఒకటి నాట్లు, ఒకటి కళ్ళం. ప్రతి విడుదలకీ నేను చేతిపుస్తకంలోని కమాండులన్నీ మొదటి పేజీ నుంచి కొట్టుకుంటూ వస్తాను. కాపీ-పేస్టు చేస్తాను, ఎందుకంటే పిల్లలు చేసేది అదే. నడిస్తే పేజీ కింద వెర్షన్ అంకె మారుస్తాను. నడవకపోతే ముందు 'డెప్రికేటెడ్', 'రిమూవ్డ్ ఫీచర్స్' అనే రెండు పేజీలు తెరుస్తాను.

ఆ రెండు పేజీల గురించి కొంచెం చెప్పాలి, క్యూఎమూ మాన్యువల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి అవే. ఏదైనా ఆప్షన్ తీసేయాలనుకుంటే వెంటనే తీసేయరు. ముందు పోబోయే వాటి జాబితాలో వేస్తారు. వేసిన విడుదలలోనూ, దాని తర్వాతి విడుదలలోనూ అది పనిచేస్తుంది. ఆ తర్వాతే తీసేయొచ్చు. తీసేశాక కూడా పేరు మాయమైపోదు, పోయిన వాటి పేజీలోకి వెళుతుంది. ఏ వెర్షన్లో పోయింది, దాని బదులు ఏది వాడాలి అని అక్కడ ఉంటుంది.

మా గుమస్తా తాత చిట్టా చూసినప్పుడు నాకు ఇది అర్థమైంది. కంప్యూటర్ ఉన్నా ఆయన కాగితం చిట్టా మానలేదు. అందులో తప్పు పడితే రబ్బరు పెట్టడు, తెల్లరంగు పూయడు. ఎర్ర సిరాతో ఒక్క గీత. గీత కింద పాత అంకె చదవడానికి వీలుండాలి. పైన కొత్త అంకె, పక్కన తేదీ, పొడి అక్షరాలు. ఎందుకు తాతా, కొట్టేసింది మళ్ళీ ఎవరు చూస్తారని అడిగితే, "పాత చీటీ పట్టుకుని రైతొస్తాడు గదా బాబూ. ఆ అంకె మన పుస్తకంలో లేకపోతే నువ్వు అబద్ధం, నాను నిజం అంటాడు" అన్నాడు.

పాత చీటీ పట్టుకుని రైతు వస్తాడు. ఈ మాటని నేను మా చేతిపుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను. పాత పేజీలోని కమాండు పట్టుకుని పిల్లవాడు వస్తాడు. కొత్త మాన్యువల్లో ఆ ఆప్షన్ పేరే లేకపోతే వాడు తన చేతిలో ఉన్నది తప్పో, తన యంత్రం తప్పో తేల్చుకోలేడు. కొట్టివేత కనపడాలి.

అలా ఒక పిల్ల వచ్చింది, పాతపట్నం నుంచి వచ్చి చదువుకుంటున్న అమ్మాయి. ఒక ఇమేజి మీద ఇంకో పొర వేయడానికి క్యూఎమూ-ఐఎంజీ కమాండు కొట్టింది. పాత ఇమేజి పేరు ఇచ్చింది, పొర పేరు ఇచ్చింది. పాత ఇమేజి ఏ ఫార్మాట్లో ఉందో చెప్పలేదు. వాళ్ళ సీనియర్లు రాసుకున్న రికార్డు నోటులో అలాగే ఉంది, వాళ్ళకి పనిచేసింది కూడా. ఈ అమ్మాయికి ఎర్రర్ వచ్చింది. 2020 ఆగస్టులో వచ్చిన 5.1లో ఇది పోబోయే వాటి జాబితాలో పడింది. సరిగ్గా ఏడాదికి, 6.1లో, తీసేశారు. ఇప్పుడు 'మైనస్ పెద్ద ఎఫ్' పెట్టి ఫార్మాట్ చెప్పి తీరాలి.

ఎందుకు తీసేశారో చెప్పకుండా 'ఇక నుంచి ఇలా రాయి' అంటే అమ్మాయి రాస్తుంది, కానీ నేర్చుకోదు. కారణం ఇది. 'రా' ఇమేజిలో, అంటే డిస్కులో ఉన్నది ఉన్నట్టే ఉండే ఫైల్లో, మొదటి బైటు నుంచీ గెస్టు రాసిందే ఉంటుంది. ఫార్మాట్ చెప్పకపోతే క్యూఎమూ ఆ మొదటి బైట్లు చూసి ఊహిస్తుంది. గెస్టులో ఉన్నవాడు దుర్మార్గుడైతే తన డిస్కు మొదట్లో క్యూకౌ2 తలకట్టు రాసిపెట్టి, 'నా కింది పొర ఫలానా ఫైలు' అని హోస్టులోని, అంటే బయటి అసలు కంప్యూటరులోని, ఏ రహస్య ఫైలు పేరో చెప్పగలడు. మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడు ఊహ తప్పితే ఆ ఫైలు గెస్టు చేతిలో పడుతుంది. సంచి మీద ఏం రాసుందో చూసి లోపల ఏముందో నమ్మడం లాంటిది, రాసినవాడు దొంగ అయినప్పుడు. ఈ మూడు వాక్యాలు చెప్పాక ఆ అమ్మాయి నోటుబుక్కులో పాత కమాండు మీద గీత కొట్టి పక్కన కారణం రాసుకుంది. ఆ పేజీ ఇప్పుడు మా చేతిపుస్తకంలో ఉంది, గీతతో సహా.

క్యూఎమూ వాళ్ళు ఈ తాళా సమస్యని కోడులోనే కొంత పరిష్కరించుకున్నారు. కమాండు ఆప్షన్లన్నిటికీ 'క్యూఎమూ-ఆప్షన్స్' అని ఒక ఫైలుంది. ఆప్షన్ పేరు, 'హెల్ప్' అని కొడితే వచ్చే చిన్న మాట, మాన్యువల్లో వచ్చే పెద్ద పేరా, మూడూ అందులో పక్కపక్కనే ఉంటాయి. బిల్డు చేసేటప్పుడు ఎవరిది వాళ్ళకి విడదీసి ఇస్తుంది. ఆప్షన్ మార్చేవాడి కళ్ళ ముందే దాని వివరణ ఉంటుంది. చూడనట్టు వెళ్ళిపోవడం కష్టం. ఒకప్పుడు మాన్యువల్ టెక్స్‌ఇన్ఫో అనే పాత పద్ధతిలో ఉండేది, దాని చుట్టూ రకరకాల టెక్స్ట్ ఫైళ్ళు చెల్లాచెదురుగా ఉండేవి. 2020లో ఆ మాన్యువల్‌ని స్ఫింక్స్ అనే ఇంకో డాక్యుమెంటేషన్ పద్ధతిలోకి మార్చారు. వాడేవాళ్ళది ఒక భాగం, డెవలపర్లది ఒకటి, ఇతర ప్రోగ్రాంలతో మాట్లాడే పద్ధతులది ఒకటి, అలా గదులు కట్టారు. ఇది గుమస్తా పని అనుకునేవాళ్ళున్నారు. గుమస్తా పనే. మిల్లు ఎవరి మీద నిలబడిందో నేను చూశాను.

అందుకే నా పట్టు ఒకటే. కమాండు తీరు మార్చినవాడు, అదే ప్యాచ్‌లో, అంటే కోడుకి పంపే అదే మార్పులో, పేజీ కూడా మార్చాలి. తర్వాత వేరేవాళ్ళు రాస్తారులే అనుకోకూడదు. దారి మళ్ళించినవాడే మైలురాయి కూడా జరపాలి. ఎందుకు మళ్ళించాడో ఆ క్షణంలో వాడికొక్కడికే పూర్తిగా తెలుసు. ఆరు నెలలు పోతే వాడికీ గుర్తుండదు.

సోర్స్ కోడ్ ఉంది కదా, చదువుకోవచ్చు కదా అంటారు కొందరు మిత్రులు. కోడు ఏం చేస్తుందో చెబుతుంది. ఏం చేయాలని అనుకున్నారో చెప్పదు. ఆ స్నాప్‌షాట్ ఆప్షన్ కోడు నేను తర్వాత చదివాను. అది చెప్పినట్టే చేసింది, ఒక్క తప్పు లేదు. తాత పద్దులు పోయాయి.

వీడియోలున్నాయి కదా అంటారు ఇంకొందరు. వీడియో నేర్చుకోడానికి మంచిదే, మా పిల్లల్లో సగం మంది అలాగే మొదలుపెడతారు. కానీ వీడియోలో ఒక మాటకి గీత కొట్టలేం. పాత డాస్ ఆటలకి సౌండు తెప్పించే వీడియోల్లో 'సౌండ్‌హెచ్‌డబ్ల్యూ' అనే ఆప్షన్ వాడతారు. అది 2022 ఆగస్టులో, 7.1లో పోయింది. వీడియో మాత్రం పోలేదు, ఎప్పటికీ అదే చెబుతుంది. చాట్‌బాట్‌ని అడిగినా పాత పేజీల్లో నేర్చుకున్న ఆ ఆప్షనే నమ్మకంగా చెప్పడం మా ల్యాబులో చూశాను. ఎవరో ఒకరు అసలు పేజీని తాజాగా ఉంచకపోతే ఈ కొత్త సాధనాలకి కూడా తినడానికి పాచి అన్నమే మిగులుతుంది.

భాష సంగతి. చేతిపుస్తకం మొదలుపెట్టినప్పుడు ఒక పెద్దాయన నా చిత్తుప్రతి చూసి హోస్టుకి 'ఆతిథేయి', గెస్టుకి 'అతిథి' అని మార్చమన్నారు. నేను మార్చలేదు. ల్యాబులో ఒక్క పిల్లాడు కూడా ఆతిథేయి అనడు, రెండు మాటలూ వినడానికి దగ్గరగా ఉండి ఏది ఏదో తికమక కూడా. గిడుగు రామమూర్తి గారు పుట్టిన పర్వతాలపేట శ్రీకాకుళం దగ్గరే. మనుషులు మాట్లాడే తెలుగులోనే రాయాలని ఆయన జీవితమంతా పోరాడారు, లిపి లేని సవర భాషకి వ్యాకరణం, నిఘంటువు కట్టారు. ఆ నేల మీద కూర్చుని పిల్లలు పలకని మాటలతో పుస్తకం రాయడానికి నాకు చెయ్యి రాదు. హోస్టు, గెస్టు, ఇమేజి, కమాండు. వాక్యం తెలుగుది అయితే చాలు.

ఇంత చేసినా చేతిపుస్తకంలో నా చెయ్యి పడని పేజీలు మూడున్నాయి. ఆర్మ్ ప్రాసెసర్ బోర్డుల మీద ఒకటి రాసి ఏడాది దాటింది, సరిచూడలేదు. దాని నెత్తిన 'చివరిసారి సరిచూసినది 9.0తో' అని ఉంది. ఆ మాట చదివినవాడు జాగ్రత్తపడతాడు. అది కూడా లేకుండా పేజీని నిండుగా, నున్నగా నిలబెట్టడం నాకు నచ్చదు.

మిల్లులో ఇప్పుడు ల్యాప్‌టాప్ పక్కన గోడకి ఒక కాగితం అంటించి ఉంది. మీద కమాండు పెద్దక్షరాల్లో, కింద ఒక్కో మాటకి ఒక్కో తెలుగు వాక్యం. స్నాప్‌షాట్ మాట లేదు, దాన్ని ఎప్పుడూ చేర్చకూడదన్న వాక్యం ఉంది. మొన్న ఆగస్టులో వెళ్ళినప్పుడు తాత అడిగాడు, "పొద్దున్నే ఇది తెరిస్తే ఇంగిలీషులో ఏటో సెప్తాది బాబూ, భయమేస్తాది." చూశాను. ఇమేజి ఫార్మాట్ చెప్పలేదు, రా అని ఊహిస్తున్నాను, ఇలా ఊహించడం ప్రమాదం అన్న హెచ్చరిక. పాతపట్నం అమ్మాయికి మూడు వాక్యాల్లో చెప్పిన సంగతే, నేను రాసిచ్చిన కాగితంలోనే. ఇమేజిని పాత పద్ధతిలో 'హెచ్‌డీఏ' అని ఇచ్చి వదిలేశాను. దాన్ని 'డ్రైవ్' అని మార్చి, ఫార్మాట్ రా అని చెప్పాను. హెచ్చరిక పోయింది.

కొత్త కాగితం రాస్తాను తాతా, పాతది చింపేద్దాం అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. సొరుగులోంచి ఎర్ర పెన్ను తీసి నా చేతికిచ్చాడు. పాత మాట మీద ఒక్క గీత కొట్టాను. పైన కొత్తది రాశాను. పక్కన తేదీ వేశాను. పెన్ను తిరిగి ఇవ్వబోతే చెయ్యి చాపలేదు.

"పొడి అక్షరాలు, బాబూ."